నేను వయసు పెట్టిన గోడ

అల్వాల్‌లో మా ఇంటికి అప్పుడప్పుడూ కుర్రవాళ్ళు వస్తుంటారు. సినిమాల్లోనో, వెబ్ సిరీసుల్లోనో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేరాలని వాళ్ళ ఆశ. మా ఆవిడ ఇచ్చిన చాయ్ తాగి, కాసేపు గోడల మీది ఫొటోలు చూసి, "సార్, ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది?" అని అడుగుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. బురద పిసికి, ఇటుక పొడి మింగి బతికినవాణ్ణి పట్టుకొని అడిగే మాటేనా అది!

వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నేను ఎన్ని సినిమాలకు పనిచేశానో, ఏ అవార్డు ఎవరి చేతుల మీదుగా తీసుకున్నానో రాయను. అవి చదివి ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఒక గోడ గురించి రాస్తాను. శామీర్‌పేట దాటాక లోపలికి వెళ్తే ఒక చిన్న చెరువు ఉంది. దాని పక్కన నేను కట్టించిన సెట్ గోడ ఇప్పటికీ నిలబడి ఉంది. సెట్ గోడ అలా నిలబడి ఉండటం మా పనిలో గొప్ప కాదు, సిగ్గుచేటు. ఆ గోడ వల్ల యాదమ్మ అనే మనిషికి, ఆ చెరువులో చేపలు పట్టుకొని బతికే మిగతావాళ్ళకు, నీళ్ళ దాకా పోయే దారి పోయింది.

అంట్ల నీళ్ళు ఎక్కడికి పోతాయి?

నాకు పని నేర్పిన మాస్టారు పరమ కోపిష్టి. మేం కష్టపడి ఒక పల్లెటూరి ఇల్లు సెట్ వేస్తే, వచ్చి నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి ఒకటే అడిగేవారు. "ఈ ఇల్లాలు అంట్లు తోమిన నీళ్ళు ఎక్కడ పారబోస్తుంది?"

మొదటిసారి నేను, "అటువైపు కెమెరా రాదు మాస్టారూ" అన్నాను. నా నెత్తిన ఒక్కటి మొట్టి, "కెమెరాకు కనబడకపోతే మానె. అక్కడ నిలబడే మనిషికి కనబడుతుందిరా. తడి నేల మీద మనిషి ఒకలా నడుస్తాడు, పొడి నేల మీద ఒకలా నడుస్తాడు" అన్నారు. ఆ మధ్యాహ్నమంతా నేను పెరట్లో కాలువ తవ్వి, అందులో బూడిద నీళ్ళు పోసి, రెండు తోటకూర మొక్కలు నాటాను. మర్నాడు ఇల్లాలి వేషం వేసే నటి వచ్చి, ఎవరూ చెప్పకుండానే చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి ఆ కాలువ దాటింది. ఇప్పుడు మీరంతా ప్రపంచ నిర్మాణం అని గొప్పగా చెప్పుకొనేది అదే. ఆ మాట మాకు తెలియదు, పని మాత్రం తెలుసు.

ఆయన నేర్పిన రెండో విద్య వయసు పెట్టడం. కొత్తగా కట్టిన దాన్ని పాతదిగా చేయడం అన్నమాట. టీ డికాషన్, ఇటుక పొడి, దీపం మసి, సున్నం, గోనెగుడ్డకు అద్దిన పల్లీ నూనె, ఇవే మా సామాన్లు. గోడంతా ఒకేలా మురికి పూస్తే అది మురికి గోడ అవుతుంది గాని పాత గోడ కాదు. మనిషి చెయ్యి ఎక్కడ ఆనుతుందో అక్కడ నున్నగా అరగాలి. పశువు ఎక్కడ ఒళ్ళు రుద్దుతుందో అక్కడ పెచ్చు ఊడాలి. వాన నీళ్ళు ఎటు జారుతాయో అటే నల్లటి చార ఉండాలి. ఈ విద్యలో ఆయన తర్వాత నా అంతటివాడు లేడని ఈ వయసులో చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మూడోది ఒక ఆచారం. షూటింగ్ అయిపోయాక సెట్ కొట్టేసే రోజున కొబ్బరికాయ కొట్టి, మొదటి సుత్తి దెబ్బ కట్టించినవాడే వేయాలి. "ఎవరి ఊళ్ళోనో దిగి ఒక అబద్ధం నిలబెట్టాం. పోయేటప్పుడు దాన్ని మనమే పడగొట్టి పోవాలి" అనేవారు మాస్టారు. నేను దాన్ని ఆయన చాదస్తం అనుకొన్నాను. అయినా ఏనాడూ తప్పలేదు.

చివరి ఊరు

రిటైరవుదాం అనుకొంటున్న రోజుల్లో ఒక కుర్ర డైరెక్టర్ వచ్చాడు. వెబ్ సిరీస్. కథ రాబోయే కాలానిది. లోకమంతా ఎండిపోయింది, గాలికి రోగం పట్టింది. ఒక్క ఊరు మాత్రం మిగిలింది, చుట్టూ గోడ, లోపల ఒక చెరువు. బయట ఉన్న జనం ఆ నీళ్ళ కోసం గోడ మీద పడతారు. లోపలివాళ్ళు తలుపులు మూసుకొని, మెల్లమెల్లగా ఒకరి మీద ఒకరు పడి చస్తారు. కథ బాగుంది, కాదనను. కుర్రాడికి తెలివుంది. తెలివి ఉన్నవాడి దగ్గర జాగ్రత్తగా ఉండాలని మాత్రం ఆ రోజు నాకు తోచలేదు.

చోటు దొరికింది. ఆ భూమి యజమానిని ఊళ్ళో అందరూ పెద్దన్న అంటారు. నాలుగు పార్టీల కండువాలూ ఇంట్లో ఉన్న మనిషి. చెరువు దాకా అంతా తనదే అన్నాడు. అద్దె వద్దన్నాడు. "కళ కోసం ఇస్తున్న. గోడ మాత్రం పక్కా ఇటుకతోని కట్టుండ్రి. ప్లైవుడ్డు, గిట్ల డొల్ల పని నాకు నచ్చది" అన్నాడు.

డైరెక్టర్ ఎగిరి గంతేశాడు. లారీ వచ్చి గోడను గుద్దే సీను ఉంది, నిజం గోడ అయితే ఆ సీను పండుతుందని అతని ఆనందం. ఎవడైనా భూమిని ఊరికే ఎందుకిస్తాడు, ఇటుక గోడే కావాలని ఎందుకు పట్టుబడతాడు అని ఆ గదిలో ఒక్కడూ అడగలేదు. అందరం చదువుకొన్నవాళ్ళమే.

గోడ లేస్తుండగా యాదమ్మ వచ్చింది. నెత్తి మీద వల, చంకలో గంప. గోడ సరిగ్గా వాళ్ళు చెరువుకు పోయే బాట మీదుగా పోతోంది. మేస్త్రీలను పక్కకు నెట్టి నా ముందుకొచ్చి నిలబడింది.

"సారూ, గీ గోడ ఎన్ని దినాలుంటది?"

"షూటింగ్ అయిందాకే. అదిగో, అక్కడ గేటు పెడుతున్నాం. అప్పటిదాకా అందులోంచి పోండి."

"అయినంక?"

"అయినంక నేనే కొట్టేస్తా. ఇది మా ఆచారం."

"జూడు మల్ల. మా బాపు నడిచిన బాట ఇది. మా అత్తగారింటికి రాకముందు నుంచి నాకు ఎరుకే. మీరు పోయినంక మేం పరేషాన్ కావొద్దు."

మాటిచ్చాను.

లోపలి మనుషులు

ఆ ఊరి జనంగా నటించడానికి యాదమ్మ వాళ్ళనే తీసుకొన్నాం. రోజు కూలి, రెండు పూటలా భోజనం. యాదమ్మకు గేటు కాపలా వేషం. ఆమె భర్త మైసయ్యకు కెమెరా అంటే సిగ్గు, అందుకని దూరంగా వల విసురుతూ ఉండే పని.

ఆ లోకం కట్టడంలో నేను జీవితంలో ఎన్నడూ పడనంత సంబరపడ్డాను. మూసి ఉన్న ఊళ్ళో ఏది పోగవుతుంది, ఏది కరువవుతుంది అని ఆలోచించాను. కొత్త బట్ట ఉండదు, కాబట్టి ప్రతి చొక్కా మీదా మరో చొక్కా ముక్క. అద్దం పగిలితే మళ్ళీ రాదు, కాబట్టి పెంకును కూడా చట్రంలో బిగించి దాచుకొంటారు. బయటికి వెళ్ళేవాడు ఒక చెప్పు గోడకు తగిలించి పోవాలి, తిరిగొస్తే తీసుకోవాలి. ఇది నేను కల్పించిన ఆచారమే. గోడ నిండా ఒంటి చెప్పులు వేలాడుతుంటే డైరెక్టర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. యాదమ్మ మాత్రం తన చెప్పు ఇవ్వనంది. "బతికున్నోళ్ల చెప్పు గోడకు కొడతరా? థూ, ఏం కథ రాసిండ్రు!" అని గయ్యిమంది. ఆమెకు వేరే జత కొనిపెట్టి అందులో ఒకటి తగిలించాం.

గోడకు వయసు పెట్టడానికి మాత్రం నేను ఎవరినీ ముట్టనివ్వలేదు. గేటు పక్కన దీపపు గూడు చెక్కించి, ఆముదం దీపం పెట్టి పెట్టి మసి పట్టించాను. గేటు దగ్గర మనిషి భుజం ఎత్తున గోనెగుడ్డతో రుద్ది రుద్ది నునుపు తెచ్చాను. పగుళ్ళలో తడి మట్టి కూరి రావి మొలకలు నాటాను. ఓ రోజు పొద్దున మైసయ్య వచ్చి గోడను తడిమి, "నిన్నటి గోడ ఇయ్యాల మా తాతల నాటిది అయింది" అని నోరెళ్ళబెట్టాడు. ఏ అవార్డుకూ నాకు అంత గర్వం కలగలేదు.

చేపల సంత సీను ఒకటి ఉంది. పక్కనే చెరువు. అయినా రోజుల తరబడి తీసే సీనులో చేపలన్నీ ఒకే సైజులో ఉండాలని ప్రొడక్షన్ వాళ్ళు ఆంధ్రా నుంచి వచ్చే ఐసు చేపలు తెప్పించారు. కళ్ళు తెల్లబడి, ఒళ్ళు వాడిపోయిన బొచ్చె చేపలు. వాటికి గ్లిజరిన్ రాసి, పొలుసు మీద కాస్త బురద, మొప్పల దగ్గర కాస్త నాచు పెట్టి, అప్పుడే వలలోంచి తీసినట్టు తయారుచేశాను. యాదమ్మ పక్కనే కూర్చొని నవ్వలేక చచ్చింది.

"ఓయమ్మా! సచ్చిన చేపకు మేకప్పా? పక్కన గంత చెరువు పెట్టుకొని బర్ఫు చేప తెచ్చుడేంది సారూ, బుద్ధి లేకుంట!"

"జనం నమ్మాలి కదా యాదమ్మా."

"జనానికి ఏంది, ఏదన్న నమ్ముతరు" అంది.

దెబ్బ పడని సుత్తి

షూటింగ్ అయిపోయింది. సెట్ కొట్టేసే రోజున కొబ్బరికాయ, సుత్తి పట్టుకొని వెళ్ళాను. యాదమ్మ, మైసయ్య, వాళ్ళ వాళ్ళు ఓ పదిమంది అప్పటికే వచ్చి బాట మీద కూర్చొని ఉన్నారు. లోపలి గుడిసెలన్నీ పీకేశాం. గోడ దగ్గరికి వచ్చేసరికి ప్రొడక్షన్ మేనేజర్ అడ్డం వచ్చాడు.

"గోడ ఉండనివ్వండి సార్. రెండో సీజన్ ఉంది. మళ్ళీ కట్టాలంటే దండగ."

"వీళ్ళ దారి?"

"గేటు ఉందిగా. పెద్దన్నతో మాట్లాడాను, తెరిచే ఉంచుతారు."

నేను డైరెక్టర్‌కు ఫోన్ చేశాను. "సార్, మీ బెస్ట్ వర్క్ అది. మీరే కూలగొడతారా?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు తియ్యగా తగిలింది. మేనేజర్‌తో కాసేపు అరిచాను, సుత్తి సంచిలో పెట్టుకొని ఇంటికొచ్చాను. కొబ్బరికాయ యాదమ్మ చేతిలో పెడితే ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కాయ కొట్టకుంట నాకెందుకు సారూ" అని తిరిగి ఇచ్చేసింది.

కుర్రవాళ్ళకు ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కట్టే ఒప్పందం కన్నా ముందు కూల్చే ఒప్పందం మాట్లాడుకోండి. మీ పనిని ఎవడైనా మరీ మెచ్చుకొంటుంటే వాడికి అది దేనికి పనికొస్తోందో చూడండి.

రెండో సీజన్ రానే లేదు. ఓ వానాకాలం గడిచింది. ఆ వానాకాలం పోతూనే గేటుకు తాళం పడింది.

రావి మొలక

పెద్దన్న మాట ఏమిటంటే, గోడ తన తాతగారు కట్టించిందట. గోడ లోపలిదంతా, నీళ్ళ అంచు దాకా, తరతరాలుగా తమ కబ్జాలోనే ఉందట. బాట అనేదే లేదట. చేపలోళ్ళంతా కలిసి ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి అర్జీ పెడితే, ఎట్టకేలకు విచారణకు ఒక అధికారి వచ్చాడు. యాదమ్మ నాకు ఫోన్ చేసింది.

"నువ్వొచ్చి ఒక్క మాట జెప్పు సారూ. నువ్వు కట్టినవని జెప్పు, సాలు. జల్దీ రా."

వెళ్ళాను. ఎందుకు వెళ్ళను? నా గోడ అది. అధికారి కుర్చీ వేసుకొని కూర్చున్నాడు, పక్కన పెద్దన్న, వాళ్ళ వెనక ప్రొడక్షన్ మేనేజర్. నేను మొత్తం చెప్పాను. దీపపు గూడు చూపించి ఆముదం మసి అన్నాను. తడి గుడ్డతో ఒక చోట రుద్ది డికాషన్ రంగు చూపించాను.

"పాత గోడకు కూడా రంగు వేయొచ్చు కదండీ" అన్నాడు అధికారి.

"లోపల ఇటుక కొత్తది సార్."

"పాత గోడను మరమ్మతు చేస్తే కొత్త ఇటుకే పెడతారు."

ఆయన లేచి గోడ పొడుగునా నడిచాడు. గేటు పక్కన ఆగి, చెయ్యి తనంతట తానే పోయినట్టు, నేను గోనెగుడ్డతో అరగదీసిన చోటే చెయ్యి ఆనించాడు. మనిషి చెయ్యి ఎక్కడ ఆనుతుందో అక్కడే నున్నగా ఉండాలని మాస్టారు చెప్పింది గుర్తొచ్చింది. పగులులోంచి నేను నాటిన రావి ఆ వానలకు ఏపుగా లేచి, వేరు ఇటుకల మధ్య దూరి ఉంది. దాన్ని పట్టుకొని గుంజి చూశాడు.

"ఈ రావి వేరు చూడండి. ఇది ఒక్క ఏడాదిలో వస్తుందా?"

"వస్తుంది సార్. నేనే నాటాను."

అందరూ నవ్వారు. పెద్దన్న అందరికంటే గట్టిగా నవ్వాడు. అప్పుడు మేనేజర్ ముందుకొచ్చి, నా ముఖం చూడకుండా, "గోడ మేం వచ్చేసరికే ఉంది సార్. కొంత కూలిపోయి, తుమ్మ పొదల్లో ఉంది. మేం బాగుచేసి అలంకరించాం, అంతే" అన్నాడు. ఫొటోలున్నాయా అని అడిగాడు అధికారి. ఎక్కడివి? కథ బయటికి పోతుందని మొదటి రోజు నుంచీ మేస్త్రీల దగ్గర్నుంచి అందరి ఫోన్లూ గేటు దగ్గరే తీసుకొని పెట్టేవారు. ఆకాశం నుంచి తీసిన బొమ్మలు చూడండి సార్ అంటే, పొదల కింద ఉన్న గోడ వాటిలో ఎలా కనబడుతుంది అన్నారు.

యాదమ్మ లేచింది. "గోడ అబద్ధం గాని బాట అబద్ధమా సారూ? మా కాళ్ళు అబద్ధమా? నా పెండ్లి కాకముందు నుంచి గీడికెళ్లే పోతున్న" అని అరిచింది. బాట మీద అప్పటికి పెద్దన్న మట్టి పోయించి చదును చేయించాడు. అధికారి ఆ చదునును చూశాడు, గోడను చూశాడు, నా వైపు తిరిగి, "మీ ఆర్ట్ మీద మీకు అభిమానం ఉండొచ్చు గాని పెద్దాయనా, ఈ వయసులో ఎందుకివన్నీ?" అన్నాడు.

గోడకు విలువ ఉంది, నా మాటకు లేదు. మేనేజర్‌ను, డైరెక్టర్‌ను నేను ఇప్పటికీ తిట్టుకొంటాను. ఆ డైరెక్టర్ తర్వాత ఎక్కడో ఇంటర్వ్యూలో, అదృష్టవశాత్తూ ఒక పురాతనమైన గోడ దొరికిందని చెప్పాడట. ఎదురుపడితే ఏం చేస్తానో నాకే తెలియదు. అధికారిని మాత్రం పూర్తిగా తిట్టలేను. ఆయన నమ్మింది నా పనినే.

చెరువు చేప

మొన్న మేడ్చల్‌లో పెళ్ళికి వెళ్ళి, వచ్చేటప్పుడు కావాలనే శామీర్‌పేట వైపు తిరిగి వచ్చాను. గోడ లోపల ఇప్పుడు విల్లాలు లేచాయి. గోడను అలాగే ఉంచి, కింద నుంచి లైట్లు పెట్టారు. గేటు తీసేసి, కార్డు చూపిస్తే లేచే అడ్డకర్ర పెట్టారు. కొన్నవాళ్ళలో చాలామంది కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్థులు. వాళ్ళను నేనేమీ అనను. వాళ్ళకు పాత గోడ అని చెప్పారు, అప్పు చేసి కొనుక్కొన్నారు.

ఆ అడ్డకర్రకు ఎదురుగా రోడ్డు పక్కన ప్లాస్టిక్ పట్టా పరుచుకొని యాదమ్మ చేపలు అమ్ముతోంది. నన్ను చూసి, "రా సారూ, కూసో. సల్లగ నీళ్ళు తాగుతవా?" అని స్టూలు జరిపింది. మైసయ్య కుత్బుల్లాపూర్‌లో ఏదో ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరాడట. వల చూరుకు వేలాడుతోందట.

"మరి ఈ చేపలు?"

"మార్కెట్ల తెస్తున్న. బర్ఫు చేపలే. ఆంధ్రాకెళ్లి వస్తయి."

చూశాను. పొలుసు మీద బురద. మొప్పల దగ్గర నాచు. పక్కన చిన్న డబ్బాలో మరికొంత నాచు తడిపి పెట్టుకొంది. నేను చూస్తున్నానని చూసి సిగ్గుపడలేదు, కళ్ళెగరేసింది.

"నువ్వు నేర్పిందే గద."

ఇంతలో అడ్డకర్ర లేచి, లోపలి నుంచి ఒకావిడ సంచీ పట్టుకొని వచ్చింది. చేపను వేలితో నొక్కి చూసింది.

"చెరువు చేపేనా అమ్మా? ఐసుది అయితే మావారు ముట్టరండి. మా వైపు నుంచి వచ్చేవన్నీ ఐసువేనండి, అందుకే అడుగుతున్నా."

"చెరువుదే బిడ్డా. గా గోడ ఆవలి చెరువే" అంది యాదమ్మ.

ఆవిడకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. నా తెల్లజుట్టు, ఇస్త్రీ చొక్కా చూసి నా వైపు తిరిగింది. "మీరు చూశారాండీ, పట్టడం?"

"చూశానమ్మా" అన్నాను. "పొద్దున నా కళ్ళ ముందే వలలోంచి తీశారు."

మరో మాట అడగలేదు. పెద్ద చేప ఒకటి కోయించుకొని, నాకు నమస్కారం కూడా పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ వెనక అడ్డకర్ర దిగేదాకా యాదమ్మ చూసింది.

"ఆ దినం ఆఫీసరు ముంగట నిజం జెప్తివి, ఒక్కడు నమ్మకపాయె. ఇయ్యాల సూడు" అంది. నవ్వుతుందేమో అనుకొన్నాను. నవ్వలేదు. కత్తి కడుక్కొంది.

ఎండ మీద పడుతోంది, మిగిలిన చేపల మీద నాచు ఆరిపోతోంది. నేను స్టూలు ముందుకు జరుపుకొని డబ్బా అందుకొన్నాను. "అన్నిటికీ ఒకే చోట పెట్టకు యాదమ్మా, దొరికిపోతావు. దీనికి మొప్ప దగ్గర కొంచెం, దానికి తోక దగ్గర" అని ఒక్కో చేపకూ సర్ది చూపించాను. నా వృత్తిలో నేను చేసిన ఆఖరి పని అది.